గోల్కొండ అని రాసిన గుట్ట

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. "మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలకు కట్టిన ఆ గుండ్రటి మేడ చూశారా మేడమ్? సినిమాల్లోలా ఉంటుందటగా!" చూశానమ్మా, చూశాను. ముందునుంచి చూశాను, వెనకనుంచి చూశాను. దాని చుట్టుపక్కల గుట్టలకు మందు పెట్టి పేలుస్తుంటే ఆ దుమ్ము పళ్ళ కింద కరకరలాడుతుండగా కూడా చూశాను. అద్దాలు బాగానే మెరుస్తున్నాయి. అంతకు మించి ఆ మేడ గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మేడ కోసం ఇది చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోతే నాకేం కోపం లేదు.

నేను వెళ్ళింది ఒక మొక్క కోసం. వేలెడంత కూడా ఉండదు. వానాకాలంలో బండల మీద నీళ్ళు నిలిచే చిన్న దొనల్లో పుడుతుంది, ఆవగింజంత నీలం పువ్వు పూస్తుంది, పది రోజుల్లో పోతుంది. ఆకు నలిపితే మామిడల్లం వాసన. దాన్ని లోకంలో మొదట గుర్తుపట్టిన మనిషి పేరు మబ్రూక్ సాబ్. నిజాం గుర్రపు దళంలో కొలువు చేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వంశం. వాళ్ళ వాడలో బోటనీ డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆయనే. నేను పరిశోధన చేసిన యూనివర్సిటీలో ఆయన హెర్బేరియం అసిస్టెంటు.

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల భాండాగారం. మొక్కను తెచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, దళసరి షీటు మీద అంటిస్తారు. కింద కుడిమూల ఒక చీటీ అతికిస్తారు. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు ఆ చీటీలో ఉంటాయి. ఆ చీటీ మీద ఏముంటే అదే నిజం. నాకు గుండ్రటి దస్తూరీ ఉందని మా ప్రొఫెసరు చీటీలు రాసే పని నాకు అప్పగించాడు.

ఆ మొక్క చీటీ కూడా నేనే రాశాను. మబ్రూక్ సాబ్ నోటుబుక్కులో "కొండాపూర్ వెనక గుట్ట, మూడో దొన" అని ఉంది. ప్రొఫెసరు ఇచ్చిన ముక్క కాగితంలో "గోల్కొండ కోట పరిసరాలు" అని ఉంది. అడిగాను. "కొండాపూర్ అంటే లండన్‌లో ఎవడికి తెలుసు? గోల్కొండ అంటే పిల్లాడికి కూడా తెలుసు, అదే రాయి" అన్నాడు. సేకరించినవారి పేరు దగ్గర తన పేరే రాయమన్నాడు. ఆ గుట్ట మొహం కూడా చూడలేదు ఆ మహానుభావుడు. మొక్కకు మాత్రం వైస్ ఛాన్సలర్ పేరు పెట్టి, మరుసటి ఏడు డిపార్టుమెంటుకు హెడ్డయి కూర్చున్నాడు.

ఆ ముందురోజే మబ్రూక్ సాబ్ తన నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "సర్‌కు చెప్పి నా పేరు గూడ జర రాయించు బేటా" అన్నారు. సరేనన్నాను. చెప్పలేదు. ప్రొఫెసరు సిఫారసు ఉత్తరం ఇస్తేనే నాకు కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం. ఉత్తరం ఇచ్చాడు. ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను.

ఈ శ్రావణంలో మబ్రూక్ సాబ్ కూతురు రహీమా నుంచి పోస్టుకార్డు వచ్చింది. నాన్నకు చూపు దాదాపు పోయిందని, ఒక కంట్లో కాస్త వెలుగు మాత్రం మిగిలిందని, కొండాపూర్ గుట్టను పగలగొడుతున్నారని విన్నప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదని రాసింది. "వానలు పడ్డాయి. అది పూసే రోజులు ఇవేనట. ఒక్క షీటు మీదైనా తన పేరు ఉండాలని ఆయన కోరిక. రాసేది మీరే అయితే బాగుంటుందని అంటున్నారు." ఆ చివరి వాక్యం చదివి స్టాఫ్ రూములోంచి లేచి బయటికి వెళ్ళిపోయాను. తల కొట్టేసినట్టయింది.

గౌతమి ఎక్స్‌ప్రెస్

మొక్కలు నొక్కే ప్రెస్సంటే రెండు చెక్క చట్రాలు, మధ్యలో కాగితాల కట్ట, చుట్టూ బెల్టులు. దాన్ని సీటు కింద పెడుతుంటే టికెట్ కలెక్టర్ వంగి చూసి, "ఏంటండీ ఇది, మంచం విప్పి తెచ్చుకుంటున్నారా?" అన్నాడు. పెట్టెలో అంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను!

ఎదురు సీట్లో అమలాపురం పిల్ల. ఎమ్మెస్సీ లెక్కలు చదివి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరడానికి వెళ్తోంది. "రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తప్పు తేదీ చూపిస్తాయంటండీ. సరిచేసేవాళ్ళు కావాలట. మా ఊరి నుంచే ఏడుగురు వెళ్ళారు" అంది. మొదట్లో ఎవరో బద్ధకించి సంవత్సరానికి రెండంకెలే రాశారట, ఇప్పుడది దిద్దడానికి ప్రపంచమంతా పరిగెడుతోందట. ఎంత అదృష్టం ఆ అంకెలది అనుకున్నాను. పులిహోర ఇద్దరం పంచుకుని తిన్నాం. ఆ పిల్ల నాకు ఒక అరటిపండు ఇచ్చింది.

పొద్దున లేచి చూస్తే కొంప మునిగింది. మబ్రూక్ సాబ్ కోసం తెచ్చిన గొట్టం కాజాల డబ్బా మూత ఊడి, పాకమంతా ప్రెస్సులోకి కారింది. పైనున్న పది పన్నెండు కాగితాలు అట్టకట్టుకుపోయాయి. చీమలు అప్పటికే బారులు తీరాయి. సికింద్రాబాదులో దిగి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చీమలు దులుపుతుంటే కాఫీ అమ్మే ఆయన జాలిపడి తడిగుడ్డ ఇచ్చాడు. కాఫీకి నాలుగు రూపాయలు తీసుకున్నాడు, గుడ్డకేం తీసుకోలేదు.

ఏసీ గార్డ్స్

ఇక్కడ ఆటోవాళ్ళు మీటరు వేస్తారు. మా కాకినాడలోలా రిక్షా ఎక్కేముందు పావుగంట బేరం ఉండదు. ఆ సంతోషం కాసేపే. ఆ మీటరు కొరడా తగిలిన గుర్రంలా పరిగెడుతుంది. దిగేసరికి బేరమే మేలనిపించింది.

లకడీకాపూల్ పక్కనే ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. సన్న సందులు, నీలం రంగు తలుపులు, గడపల ముందు మేకలు. నిజాం నాటి సిద్దీ సిపాయిల వాడ ఇది. ఇంటి నంబరు వెతుకుతుంటే ఒక ముసలామె పిలిచి, పేరైనా అడక్కుండా ముందు చాయ్ ఇచ్చింది. మా వైపు ముందు పేరడుగుతారు, తరవాత ఊరు, ఆ తరవాత ఇంటిపేరు, అన్నీ కుదిరితే మంచినీళ్ళు. ఇక్కడ వరస తిరగబడింది.

మబ్రూక్ సాబ్ మంచం మీద కూర్చుని ఉన్నారు. అదే పొడుగు, అదే నలుపు, జుట్టొక్కటే తెల్లబడింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే తల తిప్పి, "ఏందమ్మా సుభద్రమ్మా, ఇన్నేండ్లకు యాదికొచ్చిననా?" అన్నారు. కాజాల డబ్బా రహీమా చేతిలో పెట్టాను. రహీమా బళ్ళో తెలుగు టీచరు, నలభై దగ్గర ఉంటుంది. ఆమె డబ్బా మూత తీసి చూసి, "ఉత్త కాజాలే ఉన్నయి, పాకం ఏమయింది మేడమ్?" అంది. చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వారు.

తినడానికి కిచిడీ, ఖట్టా పెట్టారు. పెసరపప్పో కందిపప్పో కాకుండా ఎర్రపప్పుతో పొడిపొడిగా కిచిడీ. పక్కన నువ్వులూ చింతపండూ కలిపి నూరిన పల్చటి పులుసు, అదే ఖట్టా. మా వైపు కిచిడీ అంటే జ్వరం వచ్చిన వాళ్ళ తిండి. ఇక్కడ పెళ్ళివారికి కూడా పెడతారట. మూడుసార్లు వేయించుకున్నాను.

భోజనం చేస్తూ ఆయనే చెప్పారు, నాకు తెలియని సంగతులు. వాళ్ళ నాయన గుర్రాలకు మాలీషు చేసేవాడట. చిన్నప్పుడు ఈయన పని గుర్రాలకు గడ్డి కోసుకురావడం. "గుర్రం మూతి పెట్టని గడ్డి తెస్తే నాయిన కొడుతుండె. గందుకే గడ్డి పేర్లన్నీ వాసన మీద నేర్చుకున్న. బోటనీ నాకు గుర్రాలే చెప్పినయి." దళం రద్దయి గుర్రాలు పోయాక చదువులో పడ్డారు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు. లెక్చరర్ ఇంటర్వ్యూకు పోతే బోర్డులో ఒకాయన అడిగాడట, క్లాసులో ఆడపిల్లలు మిమ్మల్ని చూసి జడుసుకోరా అని.

"మీరేమన్నారు సాబ్?"

"ఏమంట? షుక్రియా అని లేచి వచ్చిన."

ఆ బోర్డువాణ్ణి నోరారా తిట్టాను. తరవాత గుర్తొచ్చింది, ఆ బోర్డులో ఆయన అన్న మాట మా హాస్టల్లో మేమూ అనుకున్నదే. మబ్రూక్ సాబ్‌కు మేమొక పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను. పెట్టింది నేను కాదు గానీ అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"ఒక్కటే ఒక్క షీటు బేటా" అన్నారు చేయి కడుక్కుంటూ. "జిందగీ అంత వేల షీట్లు అంటించిన. ఒక్కదాని మీద నా పేరు లేదు. పోయెలోపట ఒక్కటి ఉండాలె."

బీరువాల గది

మర్నాడు మా పాత యూనివర్సిటీకి వెళ్ళాను. ఆ షీటు ఒకసారి చూసుకోవాలి, కొత్తదానికి నంబరు కావాలి. ఇప్పుడు హెర్బేరియం చూసేది ముప్ఫై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. నాఫ్తలీన్ వాసన మాత్రం ఏమీ మారలేదు.

షీటు తీశాడు. నా అక్షరాలు. వంపులు ముద్దుగా, సున్నాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. నీలం పువ్వు గోధుమరంగు చుక్కగా మారింది గానీ నా సిరా ఇంకా నిగనిగలాడుతోంది. అందంగా రాశానని ఆ రోజు ఎంత మురిసిపోయానో!

"దీని గురించి రెండు నెలల కిందటే ఒకసారి ఫైలు తీశాం మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు. "కొండాపూర్ గుట్ట మీద ఆఫీసులు కట్టేవాళ్ళు వచ్చారు. అక్కడ అరుదైన మొక్కలేమైనా ఉన్నాయేమో రికార్డు చూసి చెప్పమన్నారు. చాలామంది అడక్కుండానే పేలుస్తున్నారు, వీళ్ళు పాపం అడిగారు. రెండు రోజులు కూర్చుని చీటీలన్నీ తిరగేశాను. కొండాపూర్ పేరుతో తుమ్మా, సీతాఫలమూ తప్ప ఏమీ లేవు. ఈ నీలం పువ్వు మొక్క గోల్కొండదని కూడా చెప్పి, అదే రాసిచ్చాం."

ఫైలులో ఉత్తరం నకలు చూపించాడు. తన పని తాను శ్రద్ధగా చేశానన్న తృప్తి అతని మొహంలో ఉంది. అతను నా చీటీ నమ్మాడు. నమ్మకపోతే అతనిది తప్పయ్యేది.

"బాబూ, ఇది గోల్కొండలో దొరికింది కాదు" అన్నాను.

"చీటీ మీద ఉంది కదా మేడమ్."

"ఆ చీటీ రాసింది నేనే."

అతను షీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పాపం, టీ తెప్పించనా అన్నాడు.

సాయంత్రం ఏసీ గార్డ్స్‌కి తిరిగొచ్చాక ఈ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. షీటు ఎట్లా ఉందని అడిగితే భద్రంగా ఉందన్నాను. అది అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మాదాపూర్ రోడ్డు

మూడో రోజు పొద్దున్నే, రహీమా మాట్లాడిపెట్టిన యాదగిరి ఆటోలో బయల్దేరాం, నేనూ మబ్రూక్ సాబూ. రహీమాకు బడి ఉంది. యాదగిరి పుట్టింది కొండాపూర్‌లోనే, గొర్రెలు కాసే ఇంట్లో. బాలానగర్‌లో లేత్ మిషను మీద పదేళ్ళు పనిచేస్తే ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఇప్పుడు ఆటో. "మా నాయిన గొర్లను తోలుకొని తెల్లాపూర్ దిక్కు పోయిండు మేడమ్. ఈడ మేపుటానికి గడ్డే లేదాయె" అన్నాడు.

జూబ్లీహిల్స్ దిగేసరికి దారికి రెండు వైపులా బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డాయి. మా గోదావరి జిల్లావాళ్ళకు రాయంటే రేవులో బట్టలుతికేదే, ఇంతింత బండలు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. వాటి మధ్య ఎర్రమట్టి, పొక్లెయిన్లు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు. ఆ గుండ్రటి మేడ దగ్గర చాయ్ కోసం ఆగాం. చాయ్ రెండున్నర, ఉస్మానియా బిస్కెట్టు రూపాయి.

మెడలో బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడొకడు మబ్రూక్ సాబ్‌ను చూసి ముచ్చటపడి, ఇంగ్లీషులో పలకరించాడు. ఏ దేశం నుంచి వచ్చారు, ఏ కంపెనీకి వచ్చారు, మా హైదరాబాదు ఎలా ఉందంటూ చెయ్యి కలిపాడు. మాటను బట్టి మా వైపువాడే, గుంటూరో తెనాలో.

మబ్రూక్ సాబ్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, "లకడీకాపూల్ పక్కపొంటి బాబూ. మా తాత తాత కాలం నుంచి ఈడ్నే ఉన్నం. నువ్వెప్పుడొచ్చినవ్?" అన్నారు.

"మొన్న జూన్‌లోనండీ" అని నసిగాడు ఆ కుర్రాడు.

"మంచిది. కిరాయి ఇల్లు దొరికిందా?"

యాదగిరి నవ్వాపుకోలేక ఆటో వెనక్కి పోయాడు. కుర్రాడు మంచివాడే, మా చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చేశాడు. కానీ పాతికేళ్ళ పిల్లవాడు ఏడాది తిరక్కుండా "మా హైదరాబాదు" అనేసుకుంటే, ఈయన మాత్రం పుట్టిన ఊళ్ళో రోజుకొకసారి ఇలా జవాబు చెప్పుకోవాలి.

మూడో దొన

గుట్ట చుట్టూ రేకులు పాతారు. గేటు దగ్గర సూపర్‌వైజరు ఆపాడు. భీమవరం ఆయన. నా యాస విని ప్రాణం లేచొచ్చినట్టుంది, "మనోళ్ళేనండీ! రండి రండి, కూర్చోండి" అని కుర్చీ తుడిచాడు. పన్నెండున్నరకు పేలుడు ఉందని, విజిల్ వేసేలోపు దిగి వచ్చేయాలని చెప్పాడు. నీలం పువ్వు మొక్క కోసం వచ్చామంటే ఆశ్చర్యపోయాడు.

"ఇక్కడ మొక్కలేం లేవండీ. మా వాళ్ళు ఊరికే మొదలెట్టలేదండీ. యూనివర్సిటీ నుంచి కాగితం తెచ్చుకున్నాకే పని మొదలెట్టాం. మీరేదో మొక్క అంటున్నారే, నీలం పువ్వుది, అది గోల్కొండలో ఉంటుందటండీ. పుస్తకాల్లో అట్లాగే ఉందట."

నేను నేల చూపులు చూస్తున్నాను. మబ్రూక్ సాబ్ కర్ర రెండు చేతులతో పట్టుకున్నారు. తరవాత సూపర్‌వైజరుతో మెల్లగా అన్నారు. "అవు సార్, పుస్తకంల గట్లనే ఉన్నది. ఆ చీటీ ఈమె రాసింది, దానికి గోందు పెట్టి అతికించింది నేను. ఇద్దరం కలిసే పంపినం దాన్ని గోల్కొండకు."

ఆ "ఇద్దరం" అన్న మాట ఉంది చూశారూ, అది నేను తట్టుకోలేకపోయాను. ఆయన నౌకరీ పోతుందని గోందు పెట్టారు. నేను నౌకరీ వస్తుందని రాశాను. ఈ రెండూ ఒకటెట్లా అవుతాయి?

ఎక్కడం మొదలుపెట్టాం. యాదగిరి ఆయన చెయ్యి పట్టుకున్నాడు గానీ, నిజానికి దారి చెప్పింది ఆయనే. "ఎడమకు తిరుగు, ఈడ తాబేలు లెక్క బండ ఉంటది." ఉంది. "దాని పక్కన రేల చెట్టు." చెట్టు లేదు, మొద్దు ఉంది. మొదటి దొన రాళ్ళతో నిండిపోయింది. రెండో దొన ఉన్నవైపు గుట్టే లేదు, నిలువునా కోసేసి ఉంది. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి.

మూడో దొన ఉంది! పరుపంత వెడల్పు, జానెడు లోతు. ముందురోజు కూడా వాన పడింది. అయినా అందులో చుక్క నీళ్ళు లేవు. వంగి చూస్తే దొన అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా పగులు. పేలుళ్ళకు బండ లోపల చీలింది. పడ్డ నీళ్ళు పడ్డట్టే దిగిపోతున్నాయి. ఎన్ని వేల ఏళ్ళుగానో చేరిన అడుగు మట్టి కూడా ఆ చీలికలోకి కొట్టుకుపోయింది.

"మా గొల్లోళ్ళు బండమామిడి అంటరు మేడమ్ దాన్ని" అన్నాడు యాదగిరి చుట్టూ వెతుకుతూ. "గొర్లు మూతి పెట్టకపోయేవి. ఈ యేడు యాడ కనపడలే."

మబ్రూక్ సాబ్ దొన ఒడ్డున చతికిలబడ్డారు. "నీళ్ళున్నయా బేటా?"

"కొంచెం ఉన్నాయి సాబ్" అన్నాను.

ఎందుకన్నానో దేవుడికి తెలియాలి. ఒకసారి అనేశాక ఇక వెనక్కి రాలేకపోయాను. దొన అంచున తడి కాస్త మిగిలిన చోట ఒక కలుపు మొక్క ఉంది. పొలాల గట్ల మీద ఎక్కడైనా దొరికేదే. ఆకు అలాంటిదే, పువ్వూ నీలమే, కాస్త పెద్దది. చూపున్నవాళ్ళు కూడా తొందరలో పొరబడతారు. ఆయనకు చూపు లేదు. నాకు సమయం లేదు. ఒక్క షీటు, ఒక్క పేరు, ముసలాయన సంతోషం. ఎవరికి నష్టం? వేళ్ళతో సహా పీకాను.

"దొరికింది సాబ్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. యాదగిరి నా చేతిలోది చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. అబ్బ, ఆ మొహం! రెండు చేతులూ చాచారు. మొక్కను అరచేతిలో పెట్టాను. వేళ్ళతో కాండం తడిమారు, ఆకు అంచు తడిమారు. తరవాత ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేను మరిచేపోయాను. వాసన మీద గడ్డి నేర్చుకున్న మనిషి!

నలిపిన ఆకును బండ మీద పెట్టి, వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నారు.

"మల్ల గట్లనే రాస్తవా బేటా?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగారు, జవాబు తెలుసుకోవాలన్నట్టు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. యాభై మూడేళ్ళ దాన్ని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నీళ్ళు లేవని చెప్పాను. పగులు సంగతి చెప్పాను. బీరువాల గదిలో ఉత్తరం సంగతి కూడా చెప్పాను. ఆయన దొనలోకి చెయ్యి దింపి ఆ పగులును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమి చూసుకున్నారు.

కింద విజిల్ వేశారు.

"రాయి" అన్నారు లేస్తూ. "ఏమున్నదో అదే రాయి."

ఏసీ గార్డ్స్‌కి వచ్చి, పాకం అంటని షీటు ఒకటి తీసి, చీటీ రాశాను. చోటు: కొండాపూర్ వెనక గుట్ట, మూడో దొన. సేకరించినవారు: మబ్రూక్. మొదటిసారి సేకరించిన తేదీ ఆయన పాత నోటుబుక్కులోంచి ఎక్కించాను, కింద ఇవాళ్టి తేదీ. మొక్క: ఇవాళ వెతికాము, లేదు. బండ పగిలింది, నీళ్ళు నిలవడం లేదు. దీనికి పూర్వం గోల్కొండ అని చీటీ రాసింది నేను, అది తప్పు. కింద నా సంతకం పెట్టాను. ఖాళీ షీటు మూలన చీటీ ఒక్కటే అతికించాను.

మళ్ళీ బీరువాల గది, మళ్ళీ ఆ ఇల్లు

నాలుగో రోజు షీటు తీసుకుని హెర్బేరియానికి వెళ్ళాను. ఆ కుర్రాడు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "మొక్క లేకుండా షీటు ఎలా తీసుకోమంటారు మేడమ్? రిజిస్టరులో దేని కింద ఎక్కించను? నాకు పై నుంచి మాటొస్తుంది" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. తప్పు చీటీకి బీరువాలో చోటుంది. దిద్దిన చీటీకి కావాల్సిన మొక్క లేదు.

పాత షీటు పక్కన ఒక సవరణ ముక్కైనా పెట్టమని బతిమాలాను. పైవాళ్ళను అడిగి ఉత్తరం రాస్తానన్నాడు. ఇది రాసేనాటికి ఉత్తరం రాలేదు.

ఆ మధ్యాహ్నం రైలుకు ముందు మబ్రూక్ సాబ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మం దాటకముందే అడిగారు, "ఎన్నో బీరువల పెట్టిండ్రు?"

నాలుక చివర జవాబు తయారుగా ఉంది. మూడో వరస, ఆరో బీరువా, రెండో అర. ఆయన వెళ్ళి చూడబోతారా?

"తీసుకోలేదు సాబ్" అన్నాను. "మొక్క లేదని తీసుకోలేదు. నా దగ్గరే ఉంది."

ఆయన తల ఊపారు. "చదువు."

చదివాను. "మల్ల" అన్నారు. మళ్ళీ చదివాను. రెండోసారి తన పేరు దగ్గరికి రాగానే చేయెత్తి ఆపారు. షీటు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో తడమడం మొదలుపెట్టారు. పైనుంచి కిందిదాకా నున్నటి కాగితం. కుడిమూలకు రాగానే వేలు ఆగింది.

"గోందు సరిగ్గ పెట్టలే నువ్వు. మూల లేస్తున్నది."

రహీమా గోందు సీసా తెచ్చింది. ఆయన బొటనవేలితో చీటీ మూల మెల్లగా లేపి, చూపుడువేలితో గోందు రాసి, అంచు అంచుతో కలిపి, అరచేతితో అదిమిపట్టారు. వేల చీటీలను అలాగే అతికించారు ఆ చేతులతో. ఒక్కటి వంకర పోయినట్టు నాకు గుర్తులేదు.

"ఆరెదాక ఎవ్వలు కదిలియ్యొద్దు" అన్నారు.

రైలుకు టైమవుతోంది. నేను ప్రెస్సు గోడకు ఆనించి, ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను.